కాంటా ప్రోగ్రాంను విండోస్ నుంచి డెబియన్‌కు మారుస్తుంటే 143 ఎర్రర్లు

కాంటా_పిలగాడు:
మాది ఎనుమాముల మార్కెట్ దగ్గర వేబ్రిడ్జి. పత్తి బండి కాంటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్‌లో బరువు పీసీకి వస్తుంది, చీటీ ప్రింటవుతుంది. ఈ ప్రోగ్రాం 2009లో మా బావ సీ భాషలో రాసిచ్చాడు. ఆయనిప్పుడు దుబాయిలో ఉన్నాడు. అడిగితే "నాకే యాదికి లేదు బామ్మర్దీ" అని నవ్వుతున్నాడు.

పాత పీసీ మొన్న పొగ కక్కి పోయింది. సోర్సు, డేటా ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. కొత్త పీసీలో విండోస్ బదులు డెబియన్ 13 (ఒక రకం లినక్స్) వేశాను. సీ కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ జీసీసీ, మొదట విండోస్.హెచ్ (విండోస్ ఫంక్షన్ల వివరాలుండే ఫైలు) లేదని ఆగిపోయింది. ఆ లైను కొట్టేస్తే 143 ఎర్రర్లు! ఎర్రర్లను వార్నింగులుగా మార్చే ఫ్లాగ్ (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్) పెట్టమని ఎవరో చెప్పారు. పెట్టొచ్చా? దసరా దాటితే బండ్లు లైను కడతాయి, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_జంక్షన్:
ఆ ఫ్లాగ్ జోలికి పోకు తమ్ముడూ. డిక్లరేషన్ లేని (ముందుగా పరిచయం చేయని) ఫంక్షన్‌ను పిలిస్తే పాత జీసీసీ వార్నింగుతో వదిలేసేది, 14 నుంచి ఎర్రరే. డెబియన్ 13లో ఉన్నది అదే. దాని నోరు మూయిస్తే, ఆ ఫంక్షన్ తిరిగిచ్చేది పాయింటర్ (మెమరీ అడ్రస్) అయినా కంపైలర్ దాన్ని ఇంట్ (చిన్న పూర్ణసంఖ్య) అనుకుని సగం కోసేస్తుంది.

143 చూసి బెదరకు. డీవర్డ్, హ్యాండిల్ లాంటి విండోస్ పేర్లు జీసీసీకి తెలియక ఒక్కో చోట నాలుగైదు పుడతాయి. పైనున్న మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ కొట్టు. సంఖ్యను అక్షరాలుగా మార్చే ఐటోఏ ఇక్కడ లేదు, బదులుగా ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడు. సీరియల్ పోర్టు భాగం మాత్రం కొత్తగా రాయాల్సిందే: పోర్టు తెరిచి సెట్ చేసే విండోస్ క్రియేట్‌ఫైల్, డీసీబీ పోయి లినక్స్ ఓపెన్, టెర్మియోస్ వస్తాయి. పర్మిషన్ డినైడ్ అంటే నీ యూజర్‌ను డయలౌట్ (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న) గ్రూపులో కలిపి, లాగవుటై మళ్లీ రా.

ములుగురోడ్డు_మామ:
ఇన్ని తిప్పలెందుకు? పాత ఈఎక్స్‌ఈ (తయారైన ప్రోగ్రాం ఫైలు) ఉంటే ఈ సీజన్‌కు వైన్‌లో నడిపించు, అది లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలు నడిపేది. వైన్స్ షాపు కాదు మళ్ల.

కాంటా_పిలగాడు:
ఈఎక్స్‌ఈ ఆ పీసీతోనే పోయింది మామా. నాలుగు రాత్రులు కూర్చున్నాను, ఎర్రర్లు సున్నా! ప్రోగ్రాంను కాసేపు ఆపే, పెద్ద ఎస్ ఉన్న విండోస్ స్లీప్(500)ను చిన్న ఎస్‌కు మార్చాను. కానీ బరువు చదవగానే స్క్రీన్ బిగుసుకుపోతోంది. ఇంకోటి, మొదటి చీటీ నంబరు 1 ఉండాలి. 39తో మొదలయ్యే 19 అంకెల సంఖ్య వస్తోంది. బండి నంబరులో ముందుండే ‘ఏపీ36’ మాయం, మిగతాది బాగానే ఉంది.

కాజీపేట_జంక్షన్:
విండోస్ స్లీప్ మిల్లీసెకన్లలో, ఇక్కడిది సెకన్లలో. అర సెకను ఆగాల్సింది 8 నిమిషాల 20 సెకన్లు ఆగుతోంది. డ్రైవరు చాయ్ తాగి వస్తాడు. మైక్రోసెకన్లలో లెక్కపెట్టే యూస్లీప్(500000) పెట్టు.

నీ స్ట్రక్చర్‌లో (చీటీ వివరాలు వరుసగా పేర్చే అమరికలో) చీటీ నంబరు లాంగ్ రకం సంఖ్య, దాని వెనకే బండి నంబరు అక్షరాలు, అంతేనా? విండోస్‌లో లాంగ్ 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో 8. పక్కనున్న నాలుగు అక్షరాలను అదే మింగింది. ఆ సంఖ్యను హెక్స్‌లో (16 ఆధారపు అంకెల్లో) ప్రింట్ చేసి చూడు, 36335041తో మొదలవుతుంది. అవి ‘ఏపీ36’ అక్షరాల కోడ్‌లు, తిరగబడి ఉన్నాయి. ఎస్‌టీడీఇంట్.హెచ్ కలిపి, స్ట్రక్చర్‌లోని లాంగులన్నీ ఇంట్32_టీ (ఎక్కడైనా 4 బైట్లే ఉండే రకం) చెయ్. ఇలాంటివాటిని కంపైలర్ పట్టుకోదు, నాకు ఎర్రర్లకంటే ఇవే భయం. అంతకంటే ముందు డేటా ఫైలు కాపీ తీసిపెట్టుకో.

కాంటా_పిలగాడు:
నిజంగానే 36335041 వచ్చింది అన్నా! మార్చాక చీటీ 1, ఏపీ36తో సహా కనిపిస్తోంది. మార్చకముందే ఒక టెస్టు చీటీ డేటా ఫైలులో రాసేశాను, పెన్‌డ్రైవ్‌లోని కాపీ ఆదుకుంది. ప్రింటరు ఇంకా కదలట్లేదు, దాని సంగతి వేరే పోస్టులో అడుగుతాను.