టెక్సస్‌లో స్కూల్ బ్యాండ్ డైరెక్టర్ కావాలంటే 11వ తరగతిలో ఏం మొదలుపెట్టాలి?

ప్లేనో_అమ్మ
మా అమ్మాయి 11వ తరగతి. ఆరో తరగతి నుంచి స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తోంది, అంతకుముందు నాలుగేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకుంది. బ్యాండ్ డైరెక్టర్ అవుతానంటోంది. క్లారినెట్ బాగా వస్తే సరిపోతుందా? గాత్రం ఏమైనా పనికొస్తుందా?

రీడ్_రెండున్నర
సరిపోదండి. కాలేజీ సీటుకు క్లారినెట్ ముఖ్యం, ఉద్యోగానికి మిగతావన్నీ ముఖ్యం. చేరాల్సింది మ్యూజిక్ ఎడ్యుకేషన్‌లో, టీచర్ సర్టిఫికేషన్ ఉన్న డిగ్రీలో. ఒట్టి పెర్ఫార్మెన్స్ డిగ్రీతో ప్రభుత్వ స్కూల్లో నేరుగా ఉద్యోగం రాదు. యూనివర్సిటీ అడ్మిషన్ వేరు, మ్యూజిక్ విభాగం ఆడిషన్ వేరు, రెండూ దాటాలి. ఆడిషన్‌కు 12 మేజర్ స్కేళ్లు చూడకుండా రావాలి, ఒకదానికొకటి పోలిక లేని రెండు పీసులు ఉండాలి, సైట్ రీడింగ్ (ముందెప్పుడూ చూడని పీసును చూస్తూనే వాయించడం) కూడా అడుగుతారు. ఆల్‌స్టేట్ (రాష్ట్రస్థాయి విద్యార్థి బ్యాండ్ ఎంపిక) ఎట్యూడ్లు, అంటే దానికిచ్చే అభ్యాస పీసులు సాధన చేస్తుంటే ఇందులో సగం పని అయిపోయినట్టే.

పియానో మాత్రం ఈ వారమే మొదలుపెట్టించండి. డిగ్రీలో పియానో ప్రొఫిషియెన్సీ పరీక్ష దగ్గర ఆగిపోయే క్లారినెట్, ట్రంపెట్ పిల్లలు చాలామంది. రోజుకు 20 నిమిషాలు, రెండు చేతులతో స్కేళ్లు, తేలికైన కార్డ్‌లు (కలిపి నొక్కే స్వరాలు) చాలు.

ఆరున్నర_శ్రుతి
గాత్రం బాగా పనికొస్తుంది. డైరెక్టర్ "కాన్సర్ట్ బీ ఫ్లాట్" (పియానో మీద వినబడే బీ ఫ్లాట్) అడిగితే ఫ్లూట్, ట్రోంబోన్, ట్యూబా బీ ఫ్లాటే వాయిస్తాయి. అదే స్వరాన్ని క్లారినెట్, ట్రంపెట్‌లకు రాసే పేరు సి, ఆల్టో సాక్సోఫోన్‌కు జి, హార్న్‌కు ఎఫ్. స్కోరు చదువుతూ ఇవన్నీ మనసులో మార్చుకోవాలి. ఏ శ్రుతిలోనైనా షడ్జమం పట్టుకోగల పిల్లకు ఇది తొందరగా అందుతుంది: తన క్లారినెట్ మీద సి వాయిస్తే వినబడేది ఆరున్నర శ్రుతి షడ్జమం.

రెండు అలవాట్లు మానాలి. స్వరంలోకి జారుతూ రావడం మొదటిది. అలా వస్తే అరవై మంది కలిసి పట్టే స్వరం మొదట్లోనే మసకబారుతుంది. రెండోది తాళం వేసినట్టు చేతిని దెబ్బ దగ్గర ఆపేయడం. నాలుగు బీట్లకు కుడిచేయి కిందికి, ఎడమకు, కుడికి, పైకి ఆగకుండా నడవాలి. అన్నిటికన్నా ముందు వచ్చే సన్నాహపు బీట్ కీలకం. ఊదేవాళ్లు దాన్ని చూసే ఊపిరి తీసుకుంటారు. అది నెమ్మదిగా ఇచ్చి మొదటి బీట్ వేగంగా కొడితే ఎంట్రీ చెల్లాచెదురవుతుంది. అద్దం ముందు దీన్నొక్కదాన్నే వందసార్లు చేయించండి.

బేరల్_మౌత్‌పీస్
ఇంకో మాట. ఉద్యోగం తొలి ఏళ్లలో ఎక్కువగా చేతికొచ్చేది ఆరో తరగతి పిల్లలు. క్లారినెట్ మొత్తం బిగించక ముందే మౌత్‌పీస్, దాని కింది పొట్టి గొట్టం బేరల్ మాత్రమే ఊదించాలి. పియానో మీది ఎఫ్ షార్ప్ స్వరం వస్తే పెదాల పట్టు సరిగ్గా ఉన్నట్టు. కిందికి జారితే పట్టు వదులు. ఎ నుంచి బి కి దాటేటప్పుడు కీచుమంటే, చాలాసార్లు ఏదో ఒక రంధ్రం పూర్తిగా మూయలేదన్నమాట. ఎ వాయిస్తున్నప్పుడే కుడిచేతి వేళ్లు దించి ఉంచమనండి, బి కి ఎడమచేయి చూసుకుంటే చాలు.

ఇలాంటివి ప్రతి వాద్యానికీ తెలియాలి. స్కూల్లోనే ట్రోంబోన్ అరువడగమనండి. వాల్వులు ఉండవు, స్లైడ్‌కు ఏడు స్థానాలు, చెవి సరిగ్గా లేకపోతే ఒక్క స్వరమూ కుదరదు. తర్వాత స్నేర్ డ్రమ్.

ఎనిమిది_అడుగులు
మార్చింగ్ (మైదానంలో నడుస్తూ వాయించడం) సంగతి కూడా చూడండి. 5 గజాల దూరానికి 8 అడుగులు వేయాలి, అంటే ఒక్కో అడుగు 22.5 అంగుళాలు. తను నడవడంతో ఆగకుండా, డ్రిల్ చార్ట్ (ఎవరెక్కడ నిలబడాలో చూపే పటం) చూసి పక్కవాళ్ల చోటు కూడా చెప్పగలగాలి. సెక్షన్ లీడర్‌గా అడిగితే ఒప్పుకోమనండి. యూఐఎల్ (టెక్సస్ స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) సైట్ రీడింగ్‌లో పిల్లలు వాద్యం ఊదకముందే డైరెక్టర్ కొద్ది నిమిషాల్లో కొత్త పీసు మాటలతో, పాటతో చెప్పాలి. నాలుగేళ్ల గాత్రం అక్కడ అక్కరకొస్తుంది.