సర్పగంధ వేరు పొడి బీపీకి వాడొచ్చా? మా నాన్న ఆపనంటున్నాడు

కంభంవాసి:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 66 ఏళ్లు, బీపీ పదేళ్ల నుంచి ఉంది. ఆమ్లోడిపిన్ వేసుకునేవాడు, పాదాలు వాస్తున్నాయని నాలుగు నెలల కింద మాకెవరికీ చెప్పకుండా ఆపేసి, తెలిసినాయన ఎవరో ఇచ్చిన సర్పగంధ వేరు పొడి పొద్దున ఒక చెంచా రాత్రి ఒక చెంచా తేనెలో కలుపుకొని తింటున్నాడంట. పోయిన వారం ఊరెళ్లి మెషిన్ పెట్టి చూస్తే 128/76 ఉంది. మందు బిళ్ల వేసుకున్న రోజుల్లో 150కి దిగేది కాదు. మరి పనిచేస్తున్నట్టే కదా అనిపించింది. కానీ ముక్కు ఎప్పుడూ దిబ్బడే, పగలంతా నిద్రే, మెషిన్‌లో పల్స్ 52 చూపిస్తోంది. అమ్మేమో "మీ నాన్న మాట్లాడటమే తగ్గించేశాడురా, టీవీ ముందు కూడా ఊరికే కూర్చుంటున్నాడు" అంటోంది. ఆపమంటే "ఇంగ్లీషు మందులకి సైడ్ ఎఫెక్ట్స్ రా, ఇది వేరు, దీనికేముంటాయి" అంటాడు. పైగా వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది. ఆపించాలా వద్దా?

వనమూలిక:
బ్రదర్, 128కి వచ్చాక ఎందుకు ఆపించడం? ఇదేదో ఎవరో పుట్టించిన మందు కాదు. 1931లోనే కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు డాక్టర్లు పిచ్చికీ బీపీకీ ఈ వేరు పనిచేస్తోందని రాశారు. 1949లో బొంబాయి కేఈఎం ఆసుపత్రి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 50 మంది పేషెంట్ల మీద చూసి బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశాక గానీ ప్రపంచానికి తెలీలేదు. తర్వాత స్విట్జర్లాండ్ సీబా కంపెనీ 1952లో దీంట్లోంచి రిజర్పిన్ తీసి బిళ్ల చేసి అమ్ముకుంది. మన వేరు వాళ్ల చేతిలో మందు, మన చేతిలో ఉంటే మాత్రం డేంజరా? బిళ్లలో ఒక్క రసాయనమే, వేరులో యాభై దాకా ఉంటాయి, ఒకదాన్ని ఒకటి అదుపులో పెట్టుకుంటాయని నా నమ్మకం. ముక్కు దిబ్బడకి తులసి కషాయం ఇవ్వండి చాలు.

కౌంటర్‌వెనక:
ముప్పై ఏళ్లు మెడికల్ షాపులో మందులిచ్చినవాణ్ణి, ఈ విషయం నాకు బాగా దగ్గరది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా. వనమూలిక గారు చెప్పిన చరిత్ర అంతా నిజం, ఇంకా చెప్పాలంటే ఈ మందుకి జరిగినంత అన్యాయం ఇంకో బీపీ మందుకి జరగలేదని నా నమ్మకం. బీపీ తగ్గిస్తే మనిషి నిజంగా బతుకుతాడని మొదట రుజువు చేసిన అమెరికా వెటరన్స్ (మాజీ సైనికుల) ట్రయల్ ఉంది చూడండి, 1967లో వచ్చింది, కింది బీపీ 115 నుంచి 129 ఉన్న 143 మంది మగవాళ్లు, అందులో ఇచ్చింది రిజర్పిన్, థయజైడ్ (మూత్రం ఎక్కువ పోయించే బీపీ మందు), హైడ్రలజీన్ (రక్తనాళాలు వదులు చేసేది) కలిపి. మందు లేని ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చినవాళ్లలో 27 మందికి పెద్ద ముప్పులొస్తే మందు తిన్నవాళ్లలో ఇద్దరికే వచ్చాయి. మన దగ్గర అడెల్ఫేన్ అని పేరు చెప్తే పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తుంటుంది, ఆ బీపీ బిళ్లలో ఉన్నది ఈ రిజర్పినే.

కానీ అందులో ఎంత ఉండేదో చూడండి. బిళ్లకి 0.1 మిల్లీగ్రాము. మిల్లీగ్రాములో పదో వంతు! రోజుకి 0.25 దాటించొద్దని చెప్పేవాళ్లు. సరే అది శుద్ధి చేసిన మందు అంటారేమో, వేరు పొడినే బిళ్ల చేసి అమెరికాలో రౌడిక్సిన్ అని అమ్మారు, అది 50, 100 మిల్లీగ్రాముల బిళ్ల, నెలలూ ఏళ్లూ వాడే డోసు రోజుకి 50 నుంచి 300 మిల్లీగ్రాములు. అదీ ప్రతి బ్యాచ్‌లో రిజర్పిన్ తరహా ఆల్కలాయిడ్లు (వేరులో మందుగా పనిచేసే రసాయనాలు) ఎంతున్నాయో కొలిచి, అవి 0.15 నుంచి 0.20 శాతం మధ్య ఉంటేనే పంపాలని రూలు. మీ నాన్నగారి చెంచాకి తక్కువలో తక్కువ రెండు గ్రాములు పడుతుంది, రెండు పూటలా నాలుగు గ్రాములు, అంటే నాలుగు వేల మిల్లీగ్రాములు. పది రెట్లు దాటిపోయిందండీ. ఇంకా ఇలా తిరుగుతున్నారంటే ఆ పొడిలో సత్తువ లేకనో, అసలు వేరు కాకనో అయ్యుండాలి. దీని జాతిదే ఇంకో మొక్క మన చేల గట్ల మీద బోలెడు పెరుగుతుంది, దాని వేరు కలిపేస్తుంటారు. అడవిలో అసలు సర్పగంధ తవ్వి తవ్వి అరుదైపోయింది, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. ఇవాళ్టి డబ్బా సత్తువ లేనిది, రేపు ఆయన కొత్త వేరు తెస్తే? అదే చెంచా, అదే తేనె, మనిషి పడిపోతాడు.

రాత్రిడ్యూటీ:
నేను జనరల్ మెడిసిన్ చేశాను, ఆసుపత్రిలో పనిచేస్తున్నా. కంభంవాసి గారూ, మీరు రాసిన లక్షణాలు చదివితే నాకు గుండె ఝల్లుమంది. ముక్కు దిబ్బడ, మత్తు, నాడి నెమ్మదించడం, మాట తగ్గడం, నాలుగూ దీనివల్ల వచ్చేవే. మన నరాల చివర నార్‌అడ్రినలిన్, సెరటోనిన్, డోపమైన్ అనే రసాయనాలు చిన్న చిన్న సంచుల్లో దాచి ఉంటాయి, రిజర్పిన్ ఆ సంచుల తలుపు మూసేస్తుంది, నిల్వ ఖాళీ అవుతుంది. అందుకే బీపీ దిగుతుంది, అందుకే మనిషీ దిగులు పడిపోతాడు. డిప్రెషన్ ఉన్నవాళ్లకి, కడుపులో పుండు ఉన్నవాళ్లకి ఇది అసలు ఇవ్వకూడదు. మందు ఆపినా దిగులు నెలల తరబడి ఉండొచ్చని, ఆత్మహత్య దాకా పోవచ్చని రిజర్పిన్ లేబుల్ మీదే రాసి ఉంటుంది. "మాట తగ్గించేశాడు" అన్న మీ అమ్మగారి మాట తేలిగ్గా తీసుకోకండి, ఆవిడే కరెక్ట్‌గా కనిపెట్టారు.

ఇంకోటి, కౌంటర్‌వెనక గారికి: బిళ్ల రూపంలో కూడా నేను రాయను. టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ లాంటి బీపీ మందులు చవగ్గా దొరుకుతుంటే మెదడు రసాయనాలు ఖాళీ చేసే మందు ఎందుకు?

కౌంటర్‌వెనక:
మేడమ్, గౌరవంతోనే అడుగుతున్నా. మీరు చెప్పిన డిప్రెషన్ రిపోర్టులు ఎక్కువ భాగం 1950లనాటివి, రోజుకి అర మిల్లీగ్రాము, అంతకన్నా ఎక్కువ ఇచ్చినప్పటివి, మానసిక రోగులకైతే మిల్లీగ్రాముల్లోనే ఇచ్చారు. 1974లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒకేసారి మూడు స్టడీలు వేసి రొమ్ము క్యాన్సర్ వస్తుందన్నారు, తర్వాత వచ్చిన స్టడీల్లో అది నిలబడలేదు, కానీ పడ్డ మచ్చ పోలేదు. పెద్ద వయసువాళ్ల బీపీ మీద అమెరికాలో జరిగిన 1991 షెప్ ట్రయల్‌లో 4,736 మంది, అందరూ 60 దాటినవాళ్లే, పక్షవాతం 36 శాతం తగ్గింది, అందులో రిజర్పిన్ 0.05 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి ఇచ్చారు. చైనాలో దీన్ని థయజైడ్‌తో కలిపిన బిళ్ల ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. డోసు తప్పుని మందు మీద రుద్దడం న్యాయమా?

రాత్రిడ్యూటీ:
క్యాన్సర్ సంగతి ఒప్పుకుంటా, అది నిలబడలేదు, నేనూ దాన్ని ఎత్తలేదు. షెప్‌లో మాత్రం మొదటి మందు క్లోర్‌థాలిడోన్, సరిపోకపోతే అటెనొలాల్, అది పడనివాళ్లకే రిజర్పిన్. ఆ 36 శాతం రిజర్పిన్ ఖాతాలో వేయలేం. మూడు నాలుగు మందులకీ లొంగని బీపీకి రిజర్పిన్ 0.1 మిల్లీగ్రాము ఇచ్చే డాక్టరుని తప్పు పట్టను, అంతవరకు మీతో ఉన్నా. కానీ దిగులు ఉందో లేదో అడిగే టైము మన ఓపీలో ఎవరికుందండీ? పేషెంటుకి రెండు నిమిషాలు. అడగకుండా ఇచ్చే మందు కాదు ఇది.

వనమూలిక:
నేను డోసు లెక్క ఇలా చూడలేదు, చెంచా రెండు గ్రాములంటే ఎక్కువే, ఒప్పుకుంటున్నా. అయినా చదువుకున్న ఆయుర్వేద డాక్టర్లు తూకం ప్రకారం ఇచ్చే మాత్రలు వేరు, ఇది వేరు. ఎవరో కొలత లేకుండా ఇచ్చినదానికి శాస్త్రాన్ని అనకండి. కంభంవాసి, ఆపరేషన్ చేసే డాక్టరుకి ఈ పొడి సంగతి చెప్పారా?

కంభంవాసి:
చెప్పలేదన్నా, మీరు అడిగాకే తట్టింది. నిన్న తీసుకెళ్లాం. మత్తు డాక్టర్ వినగానే ఆపరేషన్ వాయిదా వేసేశారు, దీని ప్రభావం ఆపాక కూడా రెండు మూడు వారాలు ఉంటుందట, మత్తు ఇచ్చినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చట. ఈసీజీ తీశారు, నాడి 48, వేరే తేడా లేదన్నారు. పొడి ఆపించి, రోజూ బీపీ రాసుకోమని, పెరగడం మొదలైతే టెల్మిసార్టాన్ మొదలుపెడదామన్నారు, దాంతో పాదాలు వాయవని నాన్నకి రెండు సార్లు చెప్పారు, అసలు అదే ఎవరైనా ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. దిగులు గురించి డాక్టరమ్మ అడిగితే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "రెండు నెలల నుంచి పొద్దున లేవబుద్ధి కావట్లేదమ్మా" అన్నాడు. పక్కనే కూర్చున్న నాకు అది తెలీదు.

మా ఊళ్లో అదే డబ్బా ఇంకో నలుగురు వాడుతున్నారంట. అందులో ఒకాయనకి కడుపులో పుండు ఉంది. ఆదివారం వెళ్తున్నా, కౌంటర్‌వెనక గారూ, మీరు రాసిన ఆ డోసు లెక్క కాగితం మీద రాసుకొని తీసుకెళ్తా.