సిలిండర్ నిండా ఆక్సిజన్ ఉన్నా ఎవరెస్ట్ మీద ఎందుకు చచ్చిపోతున్నారు?

కొత్తబూట్లు:
అందరికీ నమస్తే. మా బావమరిదికి కొండల పిచ్చి. ఆరు వేల మీటర్లవి ఒకట్రెండు ఎక్కాడు, ఇప్పుడు ఎవరెస్ట్ అంటున్నాడు. ఇంట్లో ఎవరేం అడిగినా ఏజెన్సీ వాళ్ళు చెప్పిందే అప్పజెప్తున్నాడు, కావాల్సినన్ని సిలిండర్లు, పక్కనే షెర్పా, దారి పొడుగునా తాడు, పాత రోజుల్లా కాదు బావా అని. వినడానికి బానే ఉంది, మరి ఏటా జనం ఎందుకు పోతున్నట్టు? వాణ్ణి ఆపుదామని కాదు, ఎలాగూ ఆగడు. అసలు ప్రాణం తీసేది ఏంటో తెలిస్తే కనీసం ఏజెన్సీని అడగాల్సినవైనా అడుగుతాం కదా. వెతికితే మంచులో శవాల ఫోటోలు తప్ప ఇంకేం రావట్లేదు.

మంచుగొడ్డలి:
ముందు సిలిండర్ సంగతి. మాస్క్ పెట్టుకుంటే కింద ఉన్నట్టే ఉంటుందనుకుంటారు చాలామంది, అలా ఉండదండీ. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో మూడో వంతే, సిలిండర్ నుంచి నిమిషానికి వచ్చే రెండు మూడు లీటర్లు ఆ పల్చటి గాలిలో కలిసే లోపలికి పోతాయి, కాబట్టి కొండ ఎత్తు కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే. పైగా అది అయిపోయే సరుకు. మామూలుగా వాడే నాలుగు లీటర్ల సిలిండర్‌లో దాదాపు 1200 లీటర్ల గ్యాస్ పడుతుంది, నిమిషానికి రెండు లీటర్లు వదిలితే పది గంటలు, నాలుగు వదిలితే ఐదే గంటలు. సౌత్ కోల్, అంటే శిఖరం కింద చివరి క్యాంప్ ఉండే చోటు, అక్కడి నుంచి పైకెళ్ళి మళ్ళీ కిందికి రావడానికి పన్నెండు గంటలు ఈజీగా పడుతుంది, ఇంకా ఎక్కువే పట్టేవాళ్ళూ ఉన్నారు, మధ్యలో క్యూలో ఇరుక్కుంటే నించున్నంతసేపూ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. 2019 మే నెలలో శిఖరం కింద జనం బారులు తీరిన ఫోటో చూసే ఉంటారు, ఆ సీజన్‌లో ఎవరెస్ట్ మీద 11 మంది పోయారు. అందరూ క్యూ వల్లే అని నేననను, కానీ ఆ ఎత్తులో కదలకుండా నిలబడటం అంటే మామూలు విషయం కాదు. ఇంకోటి, ఊపిరిలోని తడి మాస్క్ వాల్వ్‌లో గడ్డకట్టేస్తుంది, సిలిండర్‌లో గ్యాస్ ఉంటుంది, మనిషికి అందదు.

అందుకే ఎన్ని సిలిండర్లు ఇస్తారు అన్నది రెండో ప్రశ్న. మొదటిది, వెనక్కి తిరగాల్సిన టైమ్ ఎంత, ఆ టైమ్‌కి తిరగమని గట్టిగా చెప్పేది ఎవరు? 1996 మే 10న మధ్యాహ్నం రెండు దాటాక కూడా చాలామంది పైకే నడిచారు, సాయంత్రానికి తుఫాను పట్టుకుంది, రెండు రోజుల్లో ఎనిమిది మంది పోయారు. అందులో రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ఉన్నారు, ఇద్దరూ టీమ్ లీడర్లే, ఆ కొండ తెలియనివాళ్ళేం కాదు.

నైట్‌డ్యూటీ:
డాక్టర్‌గా రెండు ముక్కలు. ఎత్తులో ఆక్సిజన్ తగ్గితే ఒకటి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, రెండోది మెదడు వాస్తుంది. మొదటిదాంట్లో కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గితే నురగ, గుండెల్లో బుడబుడ. రెండోదే అసలు మోసం, ఎందుకంటే చెడిపోయేది ఆలోచించే భాగమే కాబట్టి తనకి బాలేదని ఆ మనిషికే తెలీదు. తాగినవాడు నాకేం కాలేదు తాళం ఇవ్వు అంటాడు చూడండి, అచ్చం అదే. ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనిస్తూ ఒక గీత మీద నడవమంటే తూలిపోతాడు, అలా తూలితే ఇంక చర్చ లేదు, కిందికి దించాల్సిందే. డెక్సామెథసోన్, నిఫెడిపిన్ లాంటి మందులు గైడ్ల దగ్గర ఉంటాయి, అవి దిగడానికి కాస్త టైమ్ ఇస్తాయి, అవి వేసుకుని పైకెళ్ళడానికి కాదు.

2006లో లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియా ఆయన శిఖరం ఎక్కి దిగుతూ పడిపోయాడు, షెర్పాలు గంటలు గంటలు ప్రయత్నించి, ఇక చనిపోయాడనుకుని వదిలేసి రావాల్సొచ్చింది. తెల్లారి వేరే టీమ్ అటు వెళ్తే దాదాపు 8600 మీటర్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, టోపీ లేదు, గ్లవ్స్ లేవు, చలికి వేసుకునే డౌన్ సూట్ జిప్ నడుం దాకా తీసేసి ఉంది, ఎక్కడున్నాడో కూడా తెలీదు. ఆ టీమ్ వాళ్ళు తమ సమ్మిట్ వదులుకుని ఆయన దగ్గర ఆగిపోయారు కాబట్టి బతికాడు. అన్నిసార్లూ అలాంటివాళ్ళు ఎదురుపడరు. చూడండి, ఆయన కూడా ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. శిఖరం దాకా వెళ్ళి పోయినవాళ్ళలో ఎక్కువమంది కథ ఇదే.

గాలిపటం_77:
మరీ అంత భయపెట్టకండి బ్రో. ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళలో చాలా ఎక్కువమంది క్షేమంగానే వస్తున్నారు. కేటూ, అన్నపూర్ణ లాంటి కొండలంటే భయపడాలి గానీ. ఫిట్‌నెస్ ఉండి, టెక్నిక్ వచ్చి, తొందరపడకపోతే ఏం కాదు.

మంచుగొడ్డలి:
చాలామంది వస్తున్నారు, నిజమే. కానీ "టెక్నిక్ వస్తే ఏం కాదు" దగ్గరే నాకు తేడా. 2014 ఏప్రిల్ 18న ఖుంబు ఐస్‌ఫాల్ మీద, అంటే బేస్ క్యాంప్ పైన పగుళ్ళతో నిండిన మంచు దారి మీద, మంచు విరిగిపడి 16 మంది నేపాలీ వర్కర్లు పోయారు, ఆ దారి వాళ్ళకన్నా బాగా ఎవరికి తెలుసు? క్లయింట్ ఆ ఐస్‌ఫాల్ ఒకట్రెండు సార్లు దాటితే, వాళ్ళు మన టెంట్లూ సిలిండర్లూ మోస్తూ ఎన్నోసార్లు దాటాలి. కేటూ మీద 2008 ఆగస్టులో బాటిల్‌నెక్ అనే ఇరుకు దారి పైనున్న మంచుగడ్డ విరిగి కట్టిన తాళ్ళన్నీ ఊడ్చుకుపోయింది, పైనున్నవాళ్ళకి దిగే దారే లేకుండా పోయింది, 11 మంది చనిపోయారు. బాబు చిరి షెర్పా ఆక్సిజన్ లేకుండా ఎవరెస్ట్ శిఖరం మీద 21 గంటలు ఉన్న మనిషి, 2001లో క్యాంప్ 2 దగ్గర మంచు పగులులో పడి పోయాడు. మన మల్లి మస్తాన్ బాబు 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు, ఆయన పోయింది ఆండీస్‌లో, ఏడు వేల మీటర్లు కూడా లేని కొండ మీద, 2015లో. వీళ్ళెవరికీ టెక్నిక్ రాక కాదు కదా.

కొత్తబూట్లు:
అందరికీ థాంక్స్, ఇది మొత్తం వాడికి ఫార్వర్డ్ చేశా. రిప్లై ఏంటంటే "హెలికాప్టర్ రెస్క్యూ ఇన్సూరెన్స్ తీసుకున్నా బావా" అట.

నైట్‌డ్యూటీ:
2005లో డిదియే డెల్సాల్ అనే ఫ్రెంచ్ పైలట్ హెలికాప్టర్‌ని ఎవరెస్ట్ శిఖరం మీదే దించాడు, అది చూసి హెలికాప్టర్ ఎంత ఎత్తుకైనా వచ్చేస్తుందని అందరూ అనుకుంటారు. అది టెస్ట్ పైలట్ మంచి వాతావరణం చూసుకుని బరువు తగ్గించుకుని చేసిన ఫీట్. మామూలుగా మనిషిని ఎక్కించుకునేది క్యాంప్ 2 దాకా, అంటే 6400 మీటర్ల దగ్గర, అదీ గాలీ మబ్బూ ఒప్పుకుంటేనే. ఆ పైన పడితే ముందు అక్కడిదాకా మనుషులే లాక్కుని రావాలి, ఒకరిద్దరితో అయ్యే పని కాదు, వాళ్ళ ప్రాణాలూ రిస్కే. ఇన్సూరెన్స్ పేపర్లో ఎంత ఎత్తు వరకు కవర్ అని రాసుందో ముందు చదవమనండి, చాలా పాలసీల్లో ఎత్తుకి హద్దు ఉంటుంది. చదివాక ఆ నంబర్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.