డీసీ-3 వైజాగ్ రన్‌వే 28 మీద ఎడమకే లాగుతోంది, కారణం ఏమిటి?

లాసన్స్‌బే_కాక్‌పిట్
మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో 40వ వార్షికోత్సవ అప్‌డేట్‌తో వచ్చిన పాత విమానాలు మొదలుపెడుతున్నాను. ఉన్నది మెలితిప్పే జాయ్‌స్టిక్, పెడల్స్ లేవు. ఏ320తో ఇబ్బంది లేదు. తోక కింద చిన్న చక్రం ఉండే రెండింజన్ల పాత విమానం డీసీ-3 మాత్రం పవర్ ఇవ్వగానే ఎడమకు తిరిగి గడ్డిలోకి పోతోంది. లైవ్ వెదర్ ఆన్‌లో ఉంది, నైరుతి గాలి 12 నాట్లు. కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పూర్తిగా ఇచ్చినా ఆగడం లేదు. లోపం సెట్టింగులోనా, పద్ధతిలోనా? రైట్ సోదరుల విమానం రైట్ ఫ్లయర్, హ్యూస్ భారీ నీటి విమానం హెచ్-4 గురించి కూడా చెప్పండి.

తోకచక్రం
రెండింట్లోనూ ఉందండీ. ముందు గాలి సంగతి. నైరుతి అంటే 220 చిల్లర డిగ్రీలు, రన్‌వే 28 దిశ 280 డిగ్రీలు. ఆ కోణంలో 12 నాట్ల గాలి దాదాపు పది నాట్ల అడ్డగాలి అవుతుంది, అదీ ఎడమ నుంచి. నిలువు తోక ప్రధాన చక్రాలకు బాగా వెనక ఉంటుంది కాబట్టి గాలి దాన్ని తోస్తుంది, ముక్కు గాలివైపు తిరుగుతుంది. పైగా డీసీ-3 రెండు ఇంజన్లూ ఒకే దిశలో తిరుగుతాయి, ఆ లాగుడూ ఎడమకే. వేగం లేనప్పుడు రడ్డర్ మీద గాలి పారదు, అందుకే పూర్తిగా ఇచ్చినా పనిచేయలేదు.

ముందు అసిస్టెన్స్‌లో ఆటో రడ్డర్ ఆపేయండి. మెలితిప్పే యాక్సిస్‌కు డెడ్‌జోన్ (మధ్యలో స్పందించని భాగం) 5 శాతం, సెన్సిటివిటీ మైనస్ 30 పెట్టండి. టెయిల్‌వీల్ లాక్‌కు (తోక చక్రం పక్కకు తిరగకుండా బిగించేది) ఒక బటన్, థ్రాటిల్ 1, థ్రాటిల్ 2లకు వేర్వేరు కీలు కేటాయించండి. ఈ చివరిదే అసలు మందు.

రన్‌వే మధ్యగీత మీద సూటిగా నిలిపి, పది మీటర్లు పాకించి, అప్పుడు లాక్ వేయండి. తోక చక్రం సూటిగా లేకపోతే పిన్ను గాడిలో పడదు. స్టిక్ వెనక్కి, ఎయిలరాన్ (రెక్కల్ని ఒరిగించే పలక) ఎడమకు పట్టుకోండి. ఎడమ ఇంజన్‌ను కుడిదానికంటే నాలుగైదు అంగుళాల మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్ పవర్‌ను చూపే కొలత) ముందుంచి నెమ్మదిగా 30 దాకా తెండి. 40–50 నాట్ల దగ్గర రడ్డర్ పట్టు దొరుకుతుంది, అప్పుడు రెండూ సమం చేసి 45 అంగుళాలు, 2700 ఆర్‌పీఎం. తోక లేపడానికి తొందరపడొద్దు. తోక లేచేటప్పుడు ప్రొపెల్లర్ల గైరో ప్రభావం వల్ల ముక్కు మళ్లీ ఎడమకే పోతుంది, పైగా తోక చక్రం పట్టు కూడా అప్పటికి ఉండదు. 80–85 నాట్లకు విమానం దానంతట అదే నేల వదిలి లేస్తుంది.

డకోటా_ప్రియ
పై జవాబుకు ఒక చేర్పు. పైకి లేచాక పవర్ తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ప్రొపెల్లర్ లివర్ (ఆర్‌పీఎం మార్చేది). పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్, తర్వాత థ్రాటిల్. తిరగేస్తే తక్కువ ఆర్‌పీఎం మీద ఎక్కువ ప్రెషర్ పడి సిలిండర్లలో డెటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) వస్తుంది. ఫుల్ ఫ్లాప్స్ 97 నాట్లు దాటాక వాడొద్దు. దిగేటప్పుడు ముందు రెండు చక్రాలు ఆనించి, స్టిక్ కాస్త ముందుకు తోసి పట్టుకోండి. అడ్డగాలిలో మూడు చక్రాలూ ఒకేసారి ఆనించడం కంటే ఇది నయం.

1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సైన్యాన్ని దింపినవి డకోటాలే, అంటే ఈ డీసీ-3 సైనిక రూపాలే. కష్టపడి నేర్చుకోదగ్గ విమానం, వదలకండి.

ఆర్కేబీచ్_రెక్కలు
రైట్ ఫ్లయర్‌కు రన్‌వే కాదు, ఎదురుగాలి కావాలి. 1903 డిసెంబర్ 17న అసలు విమానం గంటకు 27 మైళ్ల దాకా ఉన్న ఎదురుగాలిలోనే లేచింది. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. లైవ్ వెదర్ ఆపేసి, ముక్కుకు సూటిగా 20 నాట్ల గాలి పెట్టండి. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక) ముందువైపు ఉండటం వల్ల చిన్న కదలికకే పైకీ కిందికీ ఊగుతుంది, అందుకని ఆ యాక్సిస్ సెన్సిటివిటీ మైనస్ 50 దాకా తగ్గించండి. ఊగుడు మొదలైతే ఎదురు కదలికలు ఇవ్వకండి, స్టిక్ మధ్యకు తెచ్చి ఆగండి.

హెచ్-4ను బంగాళాఖాతంలో, తీరానికి దూరంగా పెట్టుకోండి. ఎనిమిది ఇంజన్లు, 320 అడుగుల రెక్క. నీళ్ల మీద బ్రేకులుండవు, ఇంజన్లు అందుకోగానే కదలడం మొదలు. మలుపులన్నీ అటూ ఇటూ పవర్ తేడాతోనే. ముందు ఖాళీ సముద్రం ఎక్కువ ఉంచుకోండి.

ఈ ఎడమ లాగుడుకు ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడు బీచ్ రోడ్డులోనే ఉంది. టీయూ-142 (నౌకాదళం వాడిన పాత గస్తీ విమానం) మ్యూజియంలో ఒక్కో ఇంజన్ దగ్గరా నిలబడి చూడండి, రెండేసి ప్రొపెల్లర్లు ఒకదాని వెనక ఒకటి. అవి ఎదురు దిశల్లో తిరిగేవి, కాబట్టి ఒకదాని మెలిక రెండోది తీసేసేది.

లాసన్స్‌బే_కాక్‌పిట్
ధన్యవాదాలండీ. డీసీ-3లో స్పెర్రీ ఆటోపైలట్ ఆన్ చేయగానే ఒక్కసారిగా పక్కకు ఒరుగుతోంది, ఇదీ గాలి వల్లేనా?

తోకచక్రం
కాదండీ. ఆన్ చేసే ముందు మూడు నాబ్‌లతో గుర్తులు ఒకదానికొకటి కలపాలి. కలవకపోతే అది గుర్తు ఉన్న చోటికి విమానాన్ని తిప్పేస్తుంది. ముందు ట్రిమ్ చేసి (చేయి వదిలినా సూటిగా పోయేలా సరిచేసి) సూటిగా ఎగరనిచ్చి, తర్వాత గుర్తులు కలిపి, అప్పుడు ఆన్ చేయండి.