పదో తరగతి పబ్లిక్ పరీక్షలో 20 ఇంటర్నల్ మార్కులు ఉంచాలా, తీసేయాలా?

నిర్మల్ నాన్న:
తెలియనివాళ్ళ కోసం ముందు విషయం చెబుతాను. తెలంగాణలో టెన్త్ పబ్లిక్ పరీక్ష పేపరు 80 మార్కులకే. మిగతా 20 బడిలో ఏడాది పొడవునా పెట్టే నాలుగు ఎఫ్‌ఏల (ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌ల) సగటు. వీటినే ఇంటర్నల్స్ అంటారు. 2024 నవంబర్‌లో ఈ 20 ఎత్తేసి నూటికి నూరు పరీక్షే పెడతామన్నారు. వెంటనే మాట మార్చి, వచ్చే ఏడాది నుంచి అన్నారు. 2025లో అదీ పక్కనపెట్టి పాత 80-20నే కొనసాగించారు.

తీసేయాల్సిందే అంటాను నేను. మా పాప జెడ్పీ హైస్కూల్లో పదో తరగతి, క్లాస్ ఫస్ట్. ఎఫ్‌ఏల్లో ఆమెకు 16, 17 వస్తాయి. మా ఎదురింటి బాబు ప్రైవేట్ స్కూలు. వాడికి ఏ సబ్జెక్టు చూసినా 20. వాడి సైన్స్ ప్రాజెక్టు వాళ్ళ నాన్న జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, అట్టకు అంటించి పంపాడు. నేను ఆ షాపులోనే నిలబడి చూశాను. సబ్జెక్టుకు మూడు నాలుగు మార్కుల చొప్పున కలుపుకుంటూ పొండి. పదో తరగతి మార్కులతో ఇచ్చే బాసర ట్రిపుల్ ఐటీ సీటు అక్కడే పోతుంది.

వరంగల్ కుర్రాడు:
తీసేయాలి. ఆంధ్రాలో ఎప్పుడో తీసేశారు.

ఒంగోలు వాసి:
తీసేశాక ఏమైందో కూడా చెప్పు తమ్ముడూ. 2019లో ఇంటర్నల్స్ ఉన్నప్పుడు మా దగ్గర 94.88 శాతం పాస్. తర్వాత రెండేళ్ళు కరోనా, పరీక్షలే లేవు. 2022లో ఇంటర్నల్స్ లేకుండా పరీక్ష పెడితే 67.26. రెండు లక్షల మంది ఫెయిల్. మా చెల్లెలి కొడుకు ఆ బ్యాచ్. లెక్కల్లో పోయింది. సప్లిమెంటరీ రాయమంటే సిగ్గుపడి నెల రోజులు గడప దాటలేదు.

నిర్మల్ నాన్న:
అది కరోనా దెబ్బ సార్. రెండేళ్ళు బడి మొహం చూడని పిల్లలు. దాన్ని ఇంటర్నల్స్ మీద వేస్తే ఎలా?

ఒంగోలు వాసి:
2023లో బడులు సరిగానే నడిచాయి కదా. అప్పుడూ 72.26 దగ్గరే ఆగింది. 2019కీ దానికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి.

నిర్మల్ నాన్న:
అంటే 2019 నాటి 94 నిజం కాదనే కదా అర్థం? నేను చెప్పేదీ అదే.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
నేను ఉంచాలనే పక్షం. ఎఫ్‌ఏ అంటే బయటివాళ్ళు ఊరికే వేసే మార్కులు అనుకుంటున్నారు. స్లిప్ టెస్టుకు 5, నోటుబుక్కులకు 5, ప్రాజెక్టుకు 5, ప్రయోగానికో పుస్తక సమీక్షకో 5.

మా క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. పత్తి ఏరేటప్పుడు బడికి రాడు, దసరా తర్వాత కూడా రోజు విడిచి రోజు వస్తాడు. ఓమ్ నియమం ప్రయోగం రోజున టార్చి సెల్స్, నిక్రోమ్ తీగ, అమ్మీటర్ బల్ల మీద పెట్టాను. సెల్ ఒకటి పెంచితే ముల్లు ఎంత కదులుతుందో మిగతావాళ్ళు చూసేలోపే, మూడోది పెడితే ఎక్కడ ఆగుతుందో వీడు వేలుపెట్టి చూపించాడు. అదే ఓమ్ నియమం నిర్వచనం స్లిప్ టెస్టులో రాయమంటే రెండు లైన్లు కూడా రాలేదు. ప్రయోగానికి 5 వేశాను, స్లిప్ టెస్టుకు 1. మూడు గంటల పరీక్ష ఒక్కటే ఉంటే ఆ 5 ఎక్కడ కనబడుతుంది?

నిర్మల్ నాన్న:
మేడం, మీరు నిజాయితీగా వేస్తారు. గొడవే అది. మీరు చూసి వేస్తారు, అవతల చూడకుండా 20 వేస్తారు. రెండూ ఒకేలాంటి మార్కుల మెమోల్లో పక్కపక్కన కూర్చుంటాయి.

ప్రైవేట్ స్కూల్ టీచర్:
ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను ఇప్పటికి మూడు స్కూళ్ళు మారాను, అన్నిచోట్లా ఇదే తంతు. ఎఫ్‌ఏ మార్కుల ఆన్‌లైన్ ఎంట్రీకి ఆఖరి రోజు సాయంత్రం కంప్యూటర్ రూమ్‌లో కూర్చోబెడతారు. ఎవరికీ తగ్గకూడదు. ఒక సెక్షన్‌లో ఇద్దరికో ముగ్గురికో 19 వేయమంటారు, పరిశీలనకు వచ్చే టీమ్ అడగకుండా. రికార్డులు ఆ తర్వాత రాయిస్తారు. వద్దన్న సార్‌కు మరుసటి ఏడాది టెన్త్ క్లాసులు ఇవ్వలేదు.

ఖమ్మం వాసి:
బాసరలో ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా కలుపుతారు కదా, ఇంకేం బాధ?

నిర్మల్ నాన్న:
మార్కులకు బదులు పదికి లెక్కగట్టే జీపీఏ ఉన్న రోజుల్లో 0.4 కలిపేవాళ్ళు. అది ఊళ్ళో ల్యాబు లేనందుకు, ట్యూషన్ లేనందుకు ఇచ్చింది. అవతలివాడి దొంగ మార్కులకు సరిపెట్టడానికి కాదు.

ఖమ్మం వాసి:
ఎందుకిచ్చినా 0.4 తక్కువేం కాదు.

నిర్మల్ నాన్న:
ఎందుకిచ్చారన్నదే ముఖ్యం సార్! ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కుంటే ఇచ్చినట్టా?

ఇంకో లెక్క చూడండి. 2021లో కరోనాతో తెలంగాణలో పరీక్ష రద్దైంది, ఎఫ్‌ఏ మార్కులతోనే ఫలితాలు ఇచ్చారు. 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10 జీపీఏ! 2023లో పరీక్ష రాయించి చూస్తే 10 జీపీఏ 6,163 మందికే. 2021లో బాసర వాళ్ళు ఆ జీపీఏను పక్కనపెట్టి పాలిటెక్నిక్ ఎంట్రన్స్ అయిన పాలిసెట్ ర్యాంకులతో సీట్లిచ్చారు. సర్కారు విద్యాసంస్థే నమ్మని మార్కులను నేనెందుకు నమ్మాలి?

సైన్స్ టీచర్ (జెడ్పీ):
ఆ ఏడాది బడులే సరిగా తెరవలేదు. ఒక్క ఎఫ్‌ఏ మార్కులను నూటికి పెంచి వేశారు. దాన్ని తెచ్చి నాలుగు ఎఫ్‌ఏల పద్ధతికి అంటగట్టకండి.

నిర్మల్ నాన్న:
పెంచింది సర్కారు. ఆ ఒక్క ఎఫ్‌ఏలో 20కి 20 వేసింది బడులే కదా మేడం.

వరంగల్ కుర్రాడు:
పాయింటు.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
సరే, 20 తీసేద్దాం. మిగిలిన 80 అంత పవిత్రమనుకుంటున్నారా? ఇన్విజిలేషన్ చేసినదాన్ని చెబుతున్నాను. చివరి అరగంటలో బిట్ పేపరు, అంటే ఏ, బి, సి, డిల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు, ఇస్తారు. కొన్ని సెంటర్లలో ఆ అరగంట ఏం జరుగుతుందో టెన్త్ రాసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. వరండాలోంచి ఎవరో ఒకరు ఏ, సి, బి, డి అనుకుంటూ పోతారు. 2023లో తాండూరులో మొదటి రోజు తెలుగు పేపరు, పరీక్ష మొదలైన నిమిషాల్లో వాట్సాప్‌లోకి వచ్చింది. ఫొటో తీసింది డ్యూటీలో ఉన్న టీచరే. నూరు మార్కులూ ఆ హాల్లోనే పెడితే హాలు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు కొనేవాడు 20 బడిలో కొంటున్నాడు. రేపు నూరూ సెంటర్లో కొంటాడు.

నిర్మల్ నాన్న:
అయితే సీసీ కెమెరాలు పెట్టండి. స్క్వాడ్లను పెంచండి. దొంగతనం ఉందని తలుపు తీసిపెట్టి పడుకుంటామా? అయినా బిట్లు ఎవరు చెప్పిస్తున్నారు మేడం? సర్కారు బళ్ళలోనే, మీ పర్సెంటేజీ కోసం మీరే కదా! వంద శాతం రిజల్ట్ అని ఫ్లెక్సీ కట్టించుకునేది ఎవరు? నెలకు లక్ష జీతం, పిల్లలు మాత్రం పేరు రాయడం రాకుండా పదికి వస్తారు.

ఒంగోలు వాసి:
అన్నా, అది ఎక్కువైంది.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారి అయితే థ్రెడ్ మూసేస్తాను.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
మూసేయకండి, జవాబు చెప్పనివ్వండి.

మా బడిలో పోయినసారి కొందరు ఫెయిలయ్యారు. ఫలితాలొచ్చిన వారంలో ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది, 'మీ సబ్జెక్టులో శాతం ఎందుకు తగ్గింది, సంజాయిషీ ఇవ్వండి' అని. ఫెయిలైన వాళ్ళలో ఒకమ్మాయికి ఫిబ్రవరిలో నిశ్చితార్థం చేశారు. ఆపమని మేమే ఇంటికెళ్ళి బతిమాలాం. సంజాయిషీలో ఆ మాట రాస్తే, 'కారణాలు చెప్పవద్దు' అన్నారు. డిసెంబర్ నుంచి పొద్దున ఎనిమిదికి స్పెషల్ క్లాస్, సాయంత్రం ఇంకొకటి. మధ్యలో అటుకులు మా జేబులోంచి పెట్టిన రోజులున్నాయి. ఎనిమిదో తరగతిదాకా ఎవర్నీ ఆపకుండా పంపేది చట్టం. పదిలో అందరూ గట్టెక్కాలనేది ఆఫీసు. మధ్యలో నిలబడేది నేను. నిజంగా వచ్చిన మార్కు వేస్తే మెమో, వేయకపోతే మీ తిట్లు.

ప్రైవేట్ స్కూల్ టీచర్:
మాకు మెమో ఉండదు మేడం, ఉద్యోగమే ఉండదు. భయం ఒకటే.

నిర్మల్ నాన్న:
మేడం, మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు. కానీ మీరు చెప్పిందాంతో నా మాటే గట్టిపడింది. మీ ఉద్యోగం మా పాప మార్కుల మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ మార్కులు మీరే వేయడం, హాల్లో మీవాళ్ళే నిలబడటం ఏం న్యాయం? బడి ఎలా నడుస్తుందో వేరే లెక్క తీయండి. మెమో ఆపండి. పిల్ల మార్కు మాత్రం పిల్ల గురించే చెప్పాలి.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
ఇప్పుడు అసలు మాటకొచ్చాం. మీకు ఈ పరీక్ష ఎందుకు కావాలి సార్? ఎవరు ముందున్నారో తేల్చడానికి. మీ పాప తెలివైంది, ఆమెకు సీటు రావాలి, న్యాయమే. నాకు మాత్రం ఆ పత్తి చేను పిల్లవాడికి పాసైన మార్కుల మెమో చేతికి రావాలి. టెన్త్ పాస్ అని లేకపోతే ఐటీఐలో మంచి ట్రేడు లేదు, ఏ చిన్న నోటిఫికేషన్ పడినా అర్హత లేదు. వాడు బాసర అడగడం లేదు. మీ పాపను ముందుకు పంపడానికి పరీక్షను బిగిస్తే, కింద జారిపోయేది వాడు. 2022లో ఆంధ్రాలో పోయిన రెండు లక్షల్లో ఇలాంటివాళ్ళు ఎందరు ఉండి ఉంటారు?

నిర్మల్ నాన్న:
ఆ పిల్లవాడిని పాస్ చేయించవద్దని నేను ఎక్కడా అనలేదు. చదువు చెప్పి పాస్ చేయించండి అంటున్నాను. రాని చదువు వచ్చిందని రాసిచ్చిన కాగితం వాడికి ఎన్నాళ్ళు పనికొస్తుంది? ఐటీఐలో మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
వాడికి కరెంటు వచ్చు సార్. రాయడమే రాదు. నేను ఆ 5 వేసింది వచ్చిన చదువుకే.

ఒంగోలు వాసి:
మీ ఇద్దరి మాటా ఒకే పరీక్షతో తీరేది కాదు. టెన్త్‌ను పాస్ వరకే ఉంచి, ట్రిపుల్ ఐటీకి 2021లో చేసినట్టు వేరే ఎంట్రన్స్ పెడితే? అప్పుడు ఇంటర్నల్స్ ఉన్నా మీ పాపకు నష్టం లేదు, ఆ అబ్బాయికీ మేలే.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
దానికి నేను ఒప్పుకుంటాను.

నిర్మల్ నాన్న:
నేను ఒప్పుకోను. ఎంట్రన్స్ పెట్టిన మర్నాడే కోచింగ్ బోర్డులు లేస్తాయి. ఎనిమిదో తరగతి నుంచే ట్రిపుల్ ఐటీ ఫౌండేషన్ అని ఫీజులు కట్టించుకుంటారు. మా ఊళ్ళో అలాంటి సెంటరు లేదు, పాపను పంపాలంటే పట్నంలో హాస్టల్‌లో పెట్టాలి, నా వల్ల కాదు. బాసర మాలాంటివాళ్ళ కోసం పెట్టిందే పదో తరగతి మార్కులతో పోవచ్చని. ఊరి బడిలో, అదే పుస్తకం, అదే సారు, అదే పరీక్ష. ఆ ఒక్క దారి వదులుకోమంటే ఎలా?

వరంగల్ కుర్రాడు:
మరి ప్రైవేట్‌లో ఇంటర్నల్స్ గవర్నమెంట్ టీచర్లు వచ్చి వేయాలి. ఇంటర్ ప్రాక్టికల్స్‌కు బయటి ఎగ్జామినర్ వచ్చినట్టు.

ప్రైవేట్ స్కూల్ టీచర్:
ఎగ్జామినర్‌కు భోజనం ఎక్కడ పెట్టిస్తారో, వెళ్ళేటప్పుడు చేతిలో ఏం పెడతారో ఇంటర్ కాలేజీ వాళ్ళను అడుగు.

సైన్స్ టీచర్ (జెడ్పీ):
అయినా అది నయమే. ప్రయోగం నా ఎదుట కాకుండా బయటివాళ్ళ ఎదుట చేయించమనండి. మావాడు చేసి చూపిస్తాడు, నాకు భయం లేదు. ప్రింట్ తీయించిన అట్టలు తెచ్చేవాళ్ళకే ఇబ్బంది.

నిర్మల్ నాన్న:
ఆ పద్ధతిలో అయితే 20 ఉన్నా నాకు అభ్యంతరం లేదు. బయటివాళ్ళు వచ్చి, పిల్ల చేత చేయించి, అక్కడికక్కడే మార్కు వేసి, పిల్లకు చూపించి పోవాలి. ఇప్పుడున్నట్టు సాయంత్రం కంప్యూటర్ రూమ్‌లో కూర్చుని వేసేదైతే మాత్రం ఒక్క మార్కు కూడా వద్దు.