ఐదు వాట్ల రిగ్ లోపల బోర్డుల మధ్య ఎస్ఎంఏలు తప్పనిసరా? చవక కనెక్టర్లపై చర్చ

గోదావరి_క్యూఆర్‌పీ

ఓఎంలందరికీ, అంటే హామ్ రేడియో మిత్రులందరికీ నమస్కారం. 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లకి ఐదు వాట్ల ఎస్ఎస్‌బీ (మాట పంపే ఒక పద్ధతి) రిగ్, అంటే పంపే, వినే రేడియో సెట్ ఒకటి విడి బోర్డులుగా కడుతున్నాను. ఆసిలేటర్, మిక్సర్, 9 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్, ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ దశ), పవర్ యాంప్లిఫయర్, లోపాస్ ఫిల్టర్, దేనికది వేరు. నచ్చని బోర్డు పీకేసి ఇంకోటి పెట్టుకోవాలన్నదే ఉద్దేశం. అంటే మధ్యలో బోలెడు ఆర్‌జీ-174 (మధ్య తీగ, చుట్టూ షీల్డ్‌గా లోహపు అల్లిక ఉన్న సన్నటి కేబుల్) ముక్కలు, ప్రతి ముక్కకీ రెండు చివర్లా కనెక్టర్లు.

సలహా అడిగితే తెలిసినవాళ్లంతా ఎస్ఎంఏ అనే చిన్న మర కనెక్టర్ గురించి ఒకటే మాట: "ఎస్ఎంఏ తప్ప వేరేది పెట్టకు, 50 ఓమ్‌లు చెడిపోతుంది." దారంతా ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) 50 ఓమ్‌లే ఉండాలని వాళ్ల ఉద్దేశం. నేను ఒప్పుకోను. 14 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 21 మీటర్లు. కనెక్టర్ పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. ఆ కాస్త దూరంలో ఇంపిడెన్స్ 30 ఓమ్‌లున్నా, 100 ఉన్నా సిగ్నల్‌కి తేడా తెలియదు. హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) యాంటెనాలకి ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్న పీఎల్-259 కనెక్టర్‌కి నికరమైన ఇంపిడెన్సే లేదు. డ్రేక్, కాలిన్స్ కంపెనీల పాత రేడియో సెట్ల వెనక ఆర్‌సీఏ సాకెట్లు (ఆడియో తీగలకి వాడే రకం) ఉండేవి, ఆ సెట్లు ఇప్పటికీ గాలిలో ఉన్నాయి. మన హైదరాబాద్‌లోనే ఫర్హాన్ గారు 2003లో ఇచ్చిన, ఇంట్లో కట్టుకునే బిట్ఎక్స్ రిగ్ డిజైన్‌లో కాయిల్స్ కుళాయి వాషర్ల మీద చుట్టారు. ఆ దారిలో రేడియో నేర్చుకున్నవాళ్లం, బోర్డు ఖర్చు కంటే కనెక్టర్ల ఖర్చు ఎక్కువయ్యే పద్ధతి ఎందుకు పట్టుకోవాలి?

నా ఆలోచన: లోపల రెలిమేట్లు (వరస పిన్నుల ప్లాస్టిక్ కనెక్టర్లు), వెనక ప్యానెల్ మీద ఆర్‌సీఏ, యాంటెనాకి మాత్రం బీఎన్‌సీ కనెక్టర్. ఐదు వాట్లంటే 50 ఓమ్‌ల మీద దాదాపు 16 వోల్టులు, 0.32 ఆంపియర్లు. వీటిలో ఏదైనా దాన్ని మోస్తుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సిగ్నల్_సీమ

కారణం నేను చెప్తాను తమ్ముడూ. ఇంపిడెన్స్ గురించి నువ్వు రాసింది నూటికి నూరుపాళ్లు నిజం, అందులో నీతో గొడవ లేదు. గొడవ షీల్డ్ దగ్గర.

రెలిమేట్ పెట్టాలంటే అల్లిక విప్పి, మెలిపెట్టి, తోకలాగా చేసి ఒక పిన్నుకి ఇస్తావు. ఆ తోక రెండు సెంటీమీటర్లనుకో, సెంటీమీటరుకి దాదాపు 10 నానోహెన్రీల చొప్పున 20 నానోహెన్రీలు. 9 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఒక ఓమ్ పైచిలుకు. నీ బీఎఫ్ఓ (ఎస్ఎస్‌బీని తిరిగి మాటగా మార్చడానికి వాడే ఆసిలేటర్) నుంచి డయోడ్ మిక్సర్‌కి వెళ్లే 7 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చిన డెసిబెల్ లెక్క) అంటే 50 ఓమ్‌లలో 10 మిల్లీ ఆంపియర్లు. తిరుగు కరెంటు కూడా ఆ తోకలోంచే పోవాలి కాబట్టి తోక మీద 11 మిల్లీవోల్టులు నిలబడతాయి. అసలు సిగ్నల్ అర వోల్టు, దానికి ఇది 33 డీబీ కింద, అంతే. అంటే ఆ తీగ షీల్డ్ ఇక గ్రౌండ్ కాదు, మైనస్ 26 డీబీఎం దగ్గర మోగుతున్న యాంటెనా. పక్కనే నీ ఐఎఫ్ బోర్డు. అందులో వెయ్యో వంతు వోల్టేజీ క్రిస్టల్ ఫిల్టర్ దాటిన చోటికి చేరినా మైనస్ 86 డీబీఎం. హెచ్‌ఎఫ్‌లో సిగ్నల్ బలం కొలతలో ఎస్9 అంటే మైనస్ 73 కదా, ఇది ఎస్7 సిగ్నల్‌తో సమానం, ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. బీఎఫ్ఓతో బీఎఫ్ఓ కలిస్తే చెవికి ఏమీ వినపడదు. ఏజీసీ (గెయిన్‌ని తనంతట తనే సర్దే సర్క్యూట్) ఐఎఫ్ నుంచి తీస్తే మాత్రం గెయిన్‌ని అదే నొక్కేస్తుంది. రిసీవర్ మొద్దుబారింది ఎందుకా అని నెలల తరబడి వెతుకుతారు జనం.

ఎస్ఎంఏలో షీల్డ్ చుట్టూ గుండ్రంగా అతుక్కుంటుంది, తోక అన్న మాటే లేదు. దానికి నేను డబ్బు పెడతాను. పైగా ప్రతి బోర్డునీ విడిగా నానోవీఎన్ఏ అనే చిన్న కొలత పరికరానికి తగిలించి చూడొచ్చు, అడాప్టర్లు అక్కర్లేదు.

కోటి_గల్లీ

ఇద్దరికీ ఒక మాట. హైదరాబాద్ గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ బజారులో ఎస్ఎంఏ అడిగితే ఇచ్చేవాటిలో సగం ఆర్‌పీ-ఎస్ఎంఏలు ఉంటాయి, వైఫై రౌటర్లవి. మర చూస్తే తేడా తెలీదు, మధ్యలో చూడాలి. మర లోపలివైపు ఉన్న ప్లగ్‌కి నడిమిన పిన్ను ఉంటేనే మనది. పిన్ను బదులు రంధ్రం ఉంటే అది రౌటర్‌ది. రంధ్రానికి రంధ్రం బిగిస్తే నిక్షేపంగా బిగుస్తుంది, లోపల ఏదీ తగలదు. పిన్నుకి పిన్ను బిగిస్తే రెండూ పాడవుతాయి. సీమ అన్నా, చవక ఎస్ఎంఏ అంటూ కొని తెచ్చుకునేవాళ్లకి ఇది ముందు చెప్పాలి.

ఇంకోటి, ఎస్ఎంఏని మామూలుగా 500 సార్ల బిగింపుకి లెక్క కడతారు. అది మంచి సరుకు సంగతి, చవకది అంత దూరం రాదు. పిండి కొద్దీ రొట్టె. బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిప్పాలి, తీగనో కనెక్టర్‌నో తిప్పితే పిన్ను లోపల రాసుకుని అరుగుతుంది. బోర్డులు రోజూ మార్చి చూసే మనిషికి స్పానర్ పట్టుకుని కూర్చునే కనెక్టర్ ఎందుకు? గోదావరి గారికి నా ఓటు బీఎన్‌సీకి. పావు చుట్టు తిప్పితే పడుతుంది, పావు చుట్టుకి వస్తుంది. సీసీటీవీ పుణ్యమా అని ఊరూరా దొరుకుతోంది. అవి 75 ఓమ్‌లవైనా 50 వాటితో చక్కగా కలుస్తాయి, హెచ్‌ఎఫ్‌లో ఇబ్బంది లేదు. ఎన్-టైప్ కనెక్టర్లలో మాత్రం అలా కలపకండి. అందులో 75 ఓమ్‌ల పిన్ను సన్నం, 50 పిన్ను దూరిస్తే ఆడ సాకెట్ విచ్చుకుపోతుంది. సీసీటీవీ వాటిలో స్క్రూతో బిగించే రకం కూడా వద్దు, కదిలితే షీల్డ్ ఊడుతుంది. నొక్కి బిగించే క్రింప్ రకమో, టంకం రకమో అడగండి.

గోదావరి_క్యూఆర్‌పీ

కోటి అన్నా, బీఎన్‌సీ మంచిదే, కానీ చిన్న బోర్డు మీద కనెక్టరే సగం చోటు తినేస్తుంది. డిష్ వాళ్ల ఎఫ్ కనెక్టర్ ఎలా ఉంటుంది? అది అన్నిటికంటే చవక.

కోటి_గల్లీ

ఎఫ్‌లో పిన్ను ఉండదు, కేబుల్ మధ్య తీగే పిన్ను. అందుకే చవక. దానికి ఆర్‌జీ-6 లాంటి ఒంటి తీగ కేబుల్ కావాలి, ఆర్‌జీ-174లో పోగులు ఉంటాయి, పనికిరాదు. ఆర్‌జీ-6 అల్లిక చాలావాటిలో అల్యూమినియం, టంకం పట్టదు. రిసీవింగ్ యాంటెనా నుంచి ఇంట్లోకి తెచ్చుకునే తీగకి బ్రహ్మాండం, రిగ్ లోపలికి కాదు.

విశాఖ_ఉప్పుగాలి

నేను ఎవరి పక్షమూ కాదు. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇక్కడ ఏ కనెక్టర్‌కైనా ఇంపిడెన్స్ కంటే, షీల్డ్ కంటే ముందు వచ్చే శత్రువు తుప్పు. ఆర్‌సీఏ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. దాని బయటి రేకులు వానాకాలం రెండు చూసేసరికి వదులవుతాయి, పటకారుతో నొక్కుతూ ఉండాలి. మైక్రోవోల్టుల సిగ్నల్‌కి కనెక్టర్ మీది మసక పొరని చీల్చుకుని పోయే బలం ఉండదు. ఆ పొర ఒక్కోసారి డయోడ్‌లా పనిచేసి లేనిపోని కూతలు పుట్టిస్తుంది. పైగా ఆర్‌సీఏలో ప్లగ్ పెట్టేటప్పుడు మధ్య పిన్ను ముందు తగులుతుంది, గ్రౌండ్ తర్వాత. తీసేటప్పుడు గ్రౌండే ముందు పోతుంది. కరెంటు ఉన్నప్పుడు అలవాటుగా పీకే చేతికి అది మంచిది కాదు.

నా పద్ధతి ఒకటే: అటు ఇటు మార్చాల్సిన పని లేని చోట కనెక్టరే పెట్టను. ఆర్‌జీ-174ని నేరుగా బోర్డుకి టంకం వేస్తాను, అల్లికని మూడు మిల్లీమీటర్లకి మించి విప్పకుండా. విడదీయాలంటే అర నిమిషం టంకం ఇనుముతో పని. బాబూ, నీ లోపాస్ ఫిల్టర్‌నీ పవర్ యాంప్లిఫయర్‌నీ వారానికోసారి మారుస్తావా? మార్చవు కదా. మరి అక్కడ కనెక్టర్ ఎందుకు?

రౌండ్‌పిన్_మేస్త్రి

ఇంతమంది కొనే వాటి గురించే మాట్లాడుతున్నారు. చేసుకునేది నేను చెప్తాను. ఇది సీమ అన్న లేవనెత్తిన తోక సమస్యకి సూటిగా జవాబు.

రౌండ్ పిన్ ఐసీ బేస్ స్ట్రిప్ తెలుసుగా, మామూలు రేకు బేస్ కాదు, లోపల నాలుగు వేళ్ల స్ప్రింగు ఉండే గుండ్రటి రకం. అందులోంచి మూడు గుంతలు విరవండి. బోర్డు మీద మధ్యది సిగ్నల్, అటూ ఇటూ గ్రౌండ్. ప్లగ్‌కి అదే జాతి మగ స్ట్రిప్ మూడు పిన్నులు. ఆర్‌జీ-174 అల్లికని రెండు సమాన పాయలుగా చీల్చి చెరో పక్క పిన్నుకి, మధ్య తీగ మధ్యకి. గ్రౌండ్ రెండు వైపులా పోతుంది కాబట్టి తోక ఇండక్టెన్స్ దాదాపు సగానికి పడిపోతుంది, పొడవు కూడా మూడు నాలుగు మిల్లీమీటర్లే. సీమ అన్న లెక్కనే తీసుకుంటే 20 నానోహెన్రీలు రెండుకి దిగాయి. 33 డీబీ కాస్తా 53 అయ్యింది, పైసా ఖర్చు పెరగకుండా.

ఇంకా కావాలంటే చిన్న కాపర్‌క్లాడ్ (రాగి రేకు అతికించిన బోర్డు) ముక్కలు రెండు కోసి, ప్లగ్‌కి పైనా కిందా పెట్టి పక్క పిన్నులకి టంకం వేయండి. మధ్య పిన్ను డబ్బాలో కూర్చున్నట్టే. పైన హీట్‌ష్రింక్, కేబుల్ బయటికొచ్చే చోట కొంచెం ఎపాక్సీ. ఆ ఎపాక్సీ మానకండి, లాగినప్పుడు బరువు టంకం మీద పడకూడదు.

జాగ్రత్తలు మూడు నాలుగున్నాయి. ఆర్‌జీ-174 లోపలిది పాలిథిన్, ఇనుము ఎక్కువసేపు ఆనితే కరిగి మధ్య తీగ పక్కకి జారి షీల్డ్‌ని తాకుతుంది. టెఫ్లాన్ ఉన్న ఆర్‌జీ-316 దొరికితే ఈ బెంగ ఉండదు. బెర్గ్ స్ట్రిప్ చదరపు పిన్నుల్ని ఈ గుంతల్లోకి ఎప్పుడూ నెట్టకండి, అవి లావు, స్ప్రింగు శాశ్వతంగా తెరుచుకుంటుంది. అటూ ఇటూ గ్రౌండే కాబట్టి ప్లగ్ తిరగేసి పెట్టినా తప్పు లేదు, కానీ ఒక పిన్ను పక్కకి జరిపి పెడితే సిగ్నల్ గ్రౌండ్‌కి పోతుంది. అందుకే సాకెట్‌కి రెండు చివర్లా చిన్న కాపర్‌క్లాడ్ గోడలు నిలబెట్టండి.

పూర్తి గుండ్రటి షీల్డే కావాలన్న పట్టుదల ఉంటే, పాత ట్రాన్సిస్టర్ రేడియో విరిగిన యాంటెనా గొట్టం కోసుకోండి. లోపలి వ్యాసం 3.5 మిల్లీమీటర్లున్న ముక్క, నడుమ 1.5 మిల్లీమీటర్ల పిన్ను. మధ్యలో గాలే ఉంటే సరిగ్గా 50 ఓమ్‌ల చుట్టుపక్కల వస్తుంది. పిన్నుని నిలబెట్టడానికి ఎపాక్సీ నింపితే ఇంపిడెన్స్ బాగా తగ్గుతుంది, ఈ పొడవుకి హెచ్‌ఎఫ్‌లో పర్వాలేదు. గొట్టం మీది క్రోమియం పూత గీకాకే టంకం పడుతుంది.

సిగ్నల్_సీమ

మేస్త్రీ, చాలా బాగుంది, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆసిలేటర్ నుంచి మిక్సర్‌కి, మిక్సర్ నుంచి ఐఎఫ్‌కి ఇది చాలు. కానీ 53 డీబీ క్రిస్టల్ ఫిల్టర్‌కి సరిపోదు. మంచి ఫిల్టర్ 80 డీబీ పైన ఆపగలదు. దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు ఒకదాన్నొకటి వింటే ఆ క్రిస్టల్స్‌ని జతకూర్చడానికి పడ్డ శ్రమంతా వృథా. ఫిల్టర్‌కి రేకు డబ్బా, రెండు ఎస్ఎంఏలు. ఈ ఒక్క చోట నేను తగ్గను.

కొలవకుండా ఎవరి మాటా నమ్మకండి, నా మాట కూడా. నానోవీఎన్ఏ సుమారు 70 డీబీ వరకే చూపిస్తుంది, అంతకంటే తక్కువ లీకేజీ దాని కంటికి ఆనదు. ఫిల్టర్ తీసేసి ఆ చోట రెండు వైపులా 50 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టండి, అసలు దారి మూసుకుపోతుంది. బీఎఫ్ఓని ఆన్ చేసి ఐఎఫ్ తర్వాత 9 మెగాహెర్ట్జ్ ఎంత వస్తోందో ఇంకో రిసీవర్ మీద వినండి. తర్వాత అదే సిగ్నల్‌ని అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తెలిసినంత మేర తగ్గించేది) గుండా నేరుగా ఇచ్చి, అదే మోత వచ్చేదాకా డీబీలు పెంచుకుంటూ పోండి. ఆగిన చోట కనిపించే అంకె మీ లీకేజీ.

గోదావరి_క్యూఆర్‌పీ

సీమ అన్నా, తోక లెక్క ఒప్పుకుంటున్నాను. రెలిమేట్లు సప్లయ్‌కీ, ఆడియోకీ, పీటీటీకీ (మాట్లాడేటప్పుడు నొక్కే స్విచ్) పరిమితం. ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) అంతా మేస్త్రి గారి మూడు పిన్నుల ప్లగ్. పవర్ యాంప్లిఫయర్ నుంచి లోపాస్‌కి విశాఖ గారు చెప్పినట్టు నేరుగా టంకం. ఫిల్టర్ దగ్గర మాత్రం మీతో విభేదం అలాగే ఉంది. డబ్బా ఎలాగూ కడుతున్నప్పుడు దానికి ఎస్ఎంఏ ఎందుకు? డబ్బా గోడకి రంధ్రం చేసి, ఆర్‌జీ-174 అల్లికని గోడ చుట్టూతా టంకం వేస్తే ఎస్ఎంఏ ఇచ్చే గుండ్రటి షీల్డే కదా అది, కనెక్టర్ లేకుండానే?

సిగ్నల్_సీమ

షీల్డ్ వరకూ అదే. నువ్వు మొదట రాసింది మర్చిపోకు, బోర్డు పీకి ఇంకోటి పెట్టాలని. మనం మళ్లీ మళ్లీ మార్చేది ఫిల్టర్‌నే: ఇవాళ ఎస్ఎస్‌బీకి 2.4 కిలోహెర్ట్జ్, రేపు సీడబ్ల్యూకి (మోర్స్ పద్ధతి) 500 హెర్ట్జ్. మార్చాల్సిన డబ్బాకి టంకం వేస్తావా?

విశాఖ_ఉప్పుగాలి

రెండు ఫిల్టర్లూ ఒకే డబ్బాలో మధ్య గోడ కట్టి పెట్టి, రిలేలతో మార్చుకోవచ్చు. అప్పుడు బయటికి రెండే తీగలు, రెండూ టంకమే. రిలే కాంటాక్టుల మధ్య లీకేజీ ఎంతో సీమ గారి పద్ధతిలోనే కొలిచి ఇక్కడ పెట్టు బాబూ, ఆ అంకె చూశాక మాట్లాడుకుందాం. 73 (శుభాకాంక్షలు).