3సి391 ఇమేజ్: చుట్టూ మైనస్ గుంట, ఫ్లక్స్ సగం కూడా రావట్లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కాసా (రేడియో టెలిస్కోప్ డేటాని ఇమేజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోప్ 2010 ఏప్రిల్‌లో తీసిన 3సి391 సూపర్నోవా అవశేషం (పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన మేఘం) డేటా (డి కాన్ఫిగరేషన్, అంటే డిష్‌లన్నీ బాగా దగ్గరగా ఉన్న అమరిక; 4.6 గిగాహెర్ట్జ్; ఏడు పాయింటింగుల మొజాయిక్, అంటే ఏడు చోట్ల గురిపెట్టి కలిపిన చిత్రం) దించుకుని మొదటి నుంచి నేనే చేశాను. వాయవ్యం వైపు మెరిసే అంచు చక్కగా వచ్చింది, చూసి చాలా సంతోషమేసింది. కానీ చుట్టూ మైనస్ విలువలతో పెద్ద గుంట ఉంది, మొత్తం ఫ్లక్స్ (మనకి అందే రేడియో వెలుగు) ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. మూడు రోజులుగా టీక్లీన్‌లో (కాసాలో ఇమేజ్ కట్టి శుభ్రం చేసే టాస్క్) ఇటరేషన్లు పెంచుతూనే ఉన్నాను, ఏమీ మారట్లేదు. సోమవారం మా సార్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
క్లీన్‌ని కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. ప్లాట్‌ఎమ్మెస్‌లో (డేటా గ్రాఫ్ చూపే టూల్) ఫేజ్ కాలిబ్రేటర్ జె1822-0938 (టెలిస్కోప్ తేడాలు సరిచేయడానికి మధ్యమధ్యలో చూసే దగ్గర్లోని రేడియో మూలం) కరెక్టెడ్ యాంప్లిట్యూడ్ ఎంతుందో చూసి చెప్పు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చూశానన్నా, సరిగ్గా 1 జాన్‌స్కీ (ఫ్లక్స్ కొలిచే యూనిట్) దగ్గర గీత గీసినట్టుంది.

జవాబు 1:
తప్పు అక్కడే ఉంది. ఫ్లక్స్ ముందే తెలిసిన కాలిబ్రేటర్ 3సి286కి సెట్‌జై (ఆ విలువ నింపే టాస్క్) ఇచ్చావు కాబట్టి దాని ఫ్లక్స్ కాసాకి తెలుసు, రెండోదానిది తెలియదు, అందుకని 1 అనుకుని గెయిన్లు (ఒక్కో డిష్‌కి వేసే దిద్దుబాటు అంకెలు) కట్టేస్తుంది. అసలు విలువ 2.3 దగ్గర ఉంటుంది. ఆ అసలు విలువ లెక్కకట్టే ఫ్లక్స్‌స్కేల్ నడిపావేమో గానీ, దిద్దుబాట్లను డేటాకి వేసే అప్లైకాల్‌లో దాని టేబుల్ బదులు పాత గెయిన్ టేబుల్ ఇచ్చి ఉంటావు, దాంతో అవశేషం వెలుగు కూడా అన్ని రెట్లు తగ్గిపోయింది. ఇలాంటిది ఇటరేషన్లతో ఎప్పటికీ బాగుపడదు.

జవాబు 2:
గుంట సంగతి వేరు. డి కాన్ఫిగరేషన్‌లో అతి చిన్న బేస్‌లైన్ (రెండు డిష్‌ల మధ్య దూరం) 35 మీటర్లు, ఈ ఫ్రీక్వెన్సీలో దాదాపు 4 ఆర్క్ మినిట్లకు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ మినిట్) మించి పరుచుకున్న వెలుగు దానికి దొరకదు, 3సి391 ఏమో 5 నుంచి 7 ఉంటుంది. మామూలు క్లీన్ ఆ వెలుగునంతా చుక్కలు చుక్కలుగా ఏరుతుంది కాబట్టి గుంట ఇంకా లోతవుతుంది. టీక్లీన్‌లో డీకన్వాల్వర్ మల్టీస్కేల్ (చుక్కలతో పాటు పెద్ద మచ్చలుగా కూడా వెలుగు ఏరే పద్ధతి) పెట్టు, సెల్ (ఒక పిక్సెల్) 2.5 ఆర్క్ సెకన్లు అయితే స్కేల్స్ 0, 5, 15, 45 పిక్సెళ్లు ఇచ్చి చూడు. గ్రిడ్డర్ మొజాయిక్‌గానే ఉంచు. మాస్క్ (క్లీన్ వెలుగు వెతకాల్సిన హద్దు) అవశేషం అంచు వెంబడి చేత్తో గీయి, గుంటలోకి పోనివ్వకు. ఫ్లక్స్ కొలిచేది మాత్రం ప్రైమరీ బీమ్ కరెక్షన్ (డిష్ చూపు అంచుల్లో తగ్గే వెలుగుని సరిచేయడం) చేసిన ఇమేజ్ మీదే. నేను పుణె దగ్గరున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ డేటాతో పనిచేస్తాను, అక్కడ 30 డిష్‌లలో 14 ఒక కిలోమీటరు జాగాలోనే ఉంటాయి, పైగా తక్కువ ఫ్రీక్వెన్సీ, అయినా పెద్ద అవశేషాలతో ఇదే తిప్పలు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
మీరన్నట్టే టేబుల్ తప్పు ఇచ్చానన్నా. సరిచేశాక కాలిబ్రేటర్ 2.3కి వచ్చింది. మల్టీస్కేల్‌తో గుంట బాగా తగ్గింది, ఆగ్నేయంలో పలచటి వెలుగు కూడా ఇప్పుడు కనిపిస్తోంది! కానీ గుంట పూర్తిగా పోలేదు.

జవాబు 2:
పోదు కూడా. ఆ మిగిలింది కావాలంటే ఒంటి డిష్ డేటా తెచ్చి ఫెదర్ చేయాలి (రెండు ఇమేజ్‌లని కలపాలి). సోమవారానికి ఇది చాలు, గుంట ఎందుకుందో మీ సార్‌కి నువ్వే ముందు చెప్పు.